మూడు భాషల సీమలో మాట కరవు

తమిళనాడు ప్రభుత్వము 2022వ సంవత్సరము ఆగస్టు నెలలో తన రాజపత్రమునందు ఒక పదపట్టికను ప్రకటించెను. స్త్రీని ప్రేమించు స్త్రీని, పురుషుని ప్రేమించు పురుషుని, పుట్టినపుడు ఇతరులు నిర్ణయించిన లింగమును దాటి జీవించువారిని పత్రికలవారు ఇకమీదట ఏ పేర్లతో వ్యవహరింపవలయునో తెలుపు పట్టిక అది. ప్రభుత్వములు ధరల పట్టికలను, సెలవుదినముల పట్టికలను ప్రకటించుట మనమెరిగినదే గాని, మనుష్యులను మర్యాదగా పిలుచుటకై పట్టిక ప్రకటించుట అరుదు. దాని పూర్వకథ మదురైలో మొదలైనది. ఒకరినొకరు ప్రేమించిన ఇద్దరు యువతులు ఇంటివారికి వెరచి చెన్నపట్టణము చేరిరి. కన్నవారు తమ బిడ్డలు తప్పిపోయిరని పోలీసులకు ఫిర్యాదు చేసిరి. ఆ యువతులు రక్షణ కోరి మద్రాసు ఉన్నత న్యాయస్థానము మెట్లెక్కిరి. న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఈ విషయమున తనకు తెలిసినది స్వల్పమని వ్రాతపూర్వకముగనే ఒప్పుకొని, ఒక మనస్తత్వవేత్తయొద్ద కూర్చుండి తెలిసికొని, 2021 జూన్ 7న ఇచ్చిన ఉత్తర్వులో, ఇట్టివారిని 'మార్చెదము' అని చేయు చికిత్సలను నిషేధించి, పోలీసులును వైద్యులును ఉపాధ్యాయులును నేర్వవలసిన వానిని నిర్దేశించెను. తరువాతి విచారణలలో పత్రికల భాషపై దృష్టి నిలిపెను. ఆ పట్టికకు మూలమిదియే. అంతకుమునుపు తమిళ పత్రికలలో 'ఓరినచ్చేర్కై' అను మాట, ఒకే కోవవారి కలయిక అను అర్థము గలది, విరివిగా చెల్లుచుండెను. ఇప్పుడు 'తన్‌పాలీర్పు' అను మాట, తన లింగమువారిపై కలుగు ఆకర్షణ అని అర్థమిచ్చునది, ప్రమాణమైనది.

ఆ రాజపత్రము కృష్ణగిరి జిల్లాలోని తళికిని వర్తించును. హోసూరునుండి నైరుతిగా పోవు బాటలో, కర్ణాటక సరిహద్దునానుకొని, మెట్టపై చల్లని గాలి వీచు ఊరు తళి. ఆ చల్లదనమునకు మురిసియే ఆంగ్లేయ దొరలు దీనిని 'చిన్న ఇంగ్లండు' అని పిలిచిరి. బస్సుపై పేరు తమిళమున నుండును. సంతలో బేరము కన్నడమున సాగును. ఎన్నో ఇండ్లలో తల్లి బిడ్డను అన్నమునకు పిలుచునది తెలుగున. మొరసునాడని పెద్దలు పిలిచిన ఈ సీమలో ఒక వాక్యము ఒక భాషలో మొదలై మరియొక భాషలో ముగియుట వింత కాదు. అట్టి ఊరిలో ఒక పిల్లవాడు తన మనస్సు తోడి పిల్లవానిపై నిలిచినదని గ్రహించిన దినమున ఏ భాషలో తనకు తాను చెప్పుకొనును? ప్రభుత్వ పట్టిక అతనికి తమిళమును ఆంగ్లమును అందించినది. ఇంటి భాష మాత్రము అతని చేతిలో ఏమియు పెట్టలేదు. ఆ లోపము ప్రభుత్వముది కాదు; తెలుగు వ్రాయు మనది.

మన పత్రికలు వాడు మాట యేదో పాఠకులకు తెలియును. 'స్వలింగ సంపర్కులు' అందురు. న్యాయస్థానమునుండి వార్త వచ్చిన ప్రతి సారియు ఇదియే శీర్షిక. ఈ సమాసమున మనిషి లేడు, మనస్సు లేదు, కలిసి గడుపు సంవత్సరములు లేవు. ఉన్నది ఒక్క శరీరక్రియ. పెండ్లి శుభలేఖలో వధూవరులను 'భిన్నలింగ సంపర్కులు' అని అచ్చొత్తించిన తండ్రి ఇంతవరకు పుట్టలేదు. అట్లు అచ్చొత్తించినచో ఆ పెండ్లికి పురోహితుడును రాడు. ఈ మాట మనకు ఎచటినుండి సంక్రమించినదో నిశ్చయించుట నా పని కాదు గాని, ఇందు పోలీసు ఠాణా వాసన కలదనుట తప్పు కాదనుకొందును. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ విభాగము ప్రకృతి విరుద్ధమని తాను తలచిన ఒక చేష్టను మాత్రమే శిక్షించెను. ఆ చేష్ట చేయువాడు ఎవడు, ఎవనిని ప్రేమించును, ఎవనికొరకు ఏడ్చును అను విచారము ఆ చట్టమునకు లేదు. 2009 జూలై 2న ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము దాని కోరలు పీకెను. 2013 డిసెంబరు 11న సర్వోన్నత న్యాయస్థానము వానిని తిరిగి అమర్చెను. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఇష్టపడిన పెద్దల విషయమున దానిని కొట్టివేసెను. 2024 జూలై 1న అమలునకు వచ్చిన క్రొత్త న్యాయసంహితలో ఆ విభాగమే లేదు. చట్టము పోయినది, అది నేర్పిన చూపు మాత్రము మన శీర్షికలలో నేటికిని ఉద్యోగము చేయుచున్నది.

ఇరుగుపొరుగు భాషలు ఈ విషయమున మనకంటె ముందున్నవి. మలయాళ పత్రికలలో 'స్వవర్గానురాగి' అను మాట చాలకాలమునుండి వినబడుచున్నది, అందు అనురాగమున్నది. కన్నడమున 'సలింగకామి' అందురు. కామము అనురాగమంత సుకుమారము కాకపోయినను అదియు మనస్సునకు సంబంధించినదే. తమిళము, పైన చెప్పినట్లు, తన పాత మాటను తానే దిద్దుకొన్నది. సంస్కృత సమాసములు అల్లుటలో దక్షిణదేశమున ఎవ్వరికిని తీసిపోమని చెప్పుకొను మనము, ఉన్న సమాసములలో మిక్కిలి మొరటుదానిని ఏరుకొని కూర్చుంటిమి.

ఇచట ఒక ఆక్షేపము వచ్చును. ఈ పేర్లన్నియు పడమటినుండి దిగుమతి యైనవి, మన పూర్వులకు ఇట్టి 'గుర్తింపు' లేదు అని కొందరు పెద్దలు వాదింతురు. సగము నిజము. పడమటివారికిని అది పాతది కాదనుట తక్కిన సగము. నేడు ప్రపంచమంతట వాడు 'హోమోసెక్సువల్' అను మాటను కార్ల్ మారియా కెర్ట్‌బెనీ అను హంగేరియను రచయిత 1868లో ఒక లేఖయందు ప్రయోగించి, మరుసటి ఏట ప్రష్యా శిక్షాస్మృతికి వ్యతిరేకముగా వ్రాసిన కరపత్రమున అచ్చులోనికి తెచ్చెను. ఆ లేఖ నందుకొన్న కార్ల్ హైన్‌రిఖ్ ఉల్‌రిఖ్స్ అను న్యాయవాది అంతకు నాలుగేండ్లు ముందే, ప్లేటో 'సింపోజియము'లోని దేవతాప్రసంగమునుండి 'ఊర్నింగ్' అను పేరు కల్పించుకొని, 1867లో మ్యూనిక్ నగరమున న్యాయవాదుల మహాసభలో, కేకలు వేసి ఆపించువరకు తనవంటివారి పక్షమున మాటలాడెను. ఇద్దరును వైద్యులు కారు, పోలీసులు కారు. ఒక చట్టముతో పోరాడుటకై తమకు తాము పేరు వెదకికొన్నవారు. వైద్యులు తరువాత వచ్చి ఆ పేరును రోగనామముగా మార్చిరి. అనగా, ప్రేమ ఎల్లదేశములందును ఎల్లకాలములందును ఉన్నది. ఆ ప్రేమనుబట్టి 'నేను ఇట్టివాడను' అని చెప్పుకొను నామవాచకము ఎల్లదేశములందును ఇటీవలిదే. మనకు మాత్రమే అది క్రొత్త యని సిగ్గుపడవలసినది గాని, గర్వపడవలసినది గాని లేదు.

మన దక్కనులో ఆ నామవాచకమునకు పూర్వమే మరియొక తీరు మాటలు పుట్టినవి. ఉర్దూలో 'రేఖ్తీ' అను కవితాశాఖ యొకటి కలదు. పురుషకవులు అంతఃపుర స్త్రీల నుడికారమున, స్త్రీ పలుకుచున్నట్లే వ్రాసినది. పదునెనిమిది, పందొమ్మిదవ శతాబ్దులలో లక్నో నగరమున అది వర్ధిల్లినను, దాని తొలి జాడలు పదునేడవ శతాబ్దిలో బీజాపురమున హాష్మీ కవి దక్కనీ రచనలలోనే కానవచ్చును. ఆ కవితలలో స్త్రీ తన చెలిని 'దోగానా' యని పిలుచును. ఒకే తొక్కలో రెండు పప్పులు దొరకిన బాదముకాయను ఇద్దరు స్త్రీలు పంచుకొని తిని, ఆనాటినుండి ఒకరికొకరు దోగానా యగుదురట. ఇది స్నేహనామమా, ప్రణయనామమా అని పండితులు తర్కింతురు. రూత్ వనిత ఈ కవిత్వముపై ఒక గ్రంథమే వ్రాసినది. నాకు తోచునది వేరు. ఆ స్త్రీలకు ఆ రెంటికి నడుమ గీత గీయవలసిన అక్కర కలుగలేదు. గీత గీయుడని వారిని నిలవేసినవారును లేరు. అయినను ఇది పురుషులు, అందును కొంత వినోదమునకై, వ్రాసిన కవిత్వమని మరువరాదు. దోగానాను తెచ్చి నేటి 'లెస్బియన్' అను మాట ప్రక్కన కూర్చుండబెట్టి రెండును ఒకటే యనుట చరిత్రకు ద్రోహము. 'లెస్బియన్' సంగతియు చూడుడు: లెస్బోస్ ద్వీపమున పుట్టిన సాఫో అను కవయిత్రి పుణ్యమున, ఒక దీవిలో నివసించు ఆబాలగోపాలమునకు చెల్లవలసిన పేరు లోకమందలి ఒకానొక స్త్రీవర్గమునకు చెల్లినది.

రహస్యభాషల కథ మరియొకటి. శిక్షకు వెరచి బ్రతుకువారు ఎచట గుమిగూడినను అచట ఒక గుప్తభాష పుట్టుట కాననగును. ఇంగ్లండులో నావికులు, నాటకశాలలవారు, సర్కసువారు వాడిన మాటలను చేరదీసి, ఇటాలియనును జిప్సీల భాషను కలిపి, కొన్ని ఆంగ్లపదములను తలక్రిందులు చేసి 'పోలారీ' అను భాషను పెంచిరి. జుట్టును చెప్పు 'హెయిర్' అను మాట అక్షరములు తిరుగబడి అందు 'రాయా' అయినది. ప్రక్కన పోలీసు నిలిచియున్నను తమవారితో తమ సంగతులు చెప్పుకొనుటకు అది పనికివచ్చెను. 1965 మొదలు 1968 వరకు బీబీసీ రేడియోలో ఒక హాస్యకార్యక్రమమున ఇద్దరు పాత్రధారులు పోలారీ పలికి దేశమంతటిని నవ్వించిరి. 1967లో చట్టము సడలెను. గుట్టు రట్టయి, గుట్టు అవసరమును తగ్గి, ఆ భాష కాలక్రమమున క్షీణించెను. గ్రీసు దేశమున 'కలియార్దా' అను ఇట్టి భాషకు ఇలియాస్ పెత్రోపులోస్ 1971లో నిఘంటువు కూర్చగా, సైనికప్రభుత్వము అతనిని చెరసాలకు పంపెను. నిఘంటుకర్తలు చెరసాలకు పోవుట లోకమున అరుదు గనుక ఈ వృత్తిలోనివారు ఆయనను తలచుకొనవలయును. చీనా భాషలో మాత్రము దాపరికమునకు బదులు చిలిపితనము పనిచేసినది: పార్టీ సభ్యులు ఒకరినొకరు పిలుచుకొను 'టోంగ్‌జీ', అనగా కామ్రేడ్ అను మాటను, 1989లో హాంగ్‌కాంగున జరిగిన చలనచిత్రోత్సవమునకు పేరుగా పెట్టిరి. నేడు ఆ మాట వినినచో యువకులకు ముందుగా స్ఫురించునది విప్లవము కాదు.

మన హైదరాబాదునందును ఇట్టి లోకమొకటి కలదు. గాయత్రీ రెడ్డి హైదరాబాదు, సికింద్రాబాదులలో హిజ్రాల నడుమ తిరిగి వ్రాసి, 2005లో ప్రకటించిన గ్రంథమున, చీర కట్టు హిజ్రాలు, ప్యాంటు చొక్కాలలో తిరుగు కోథీలు, జోగినులు, శివసతులు, వీరందరును ఒక చుట్టరికపు అల్లికలో ఎట్లు ఇమిడియున్నారో, ఎవరి మర్యాద ఎంతో చూపెను. 'కోథీ'కి వానరముతో సంబంధము లేదు. స్త్రీస్వభావముతో పురుషుని వలచు పురుషుని పేరది. అతడు వలచు మగవాడు 'పంథీ'. ఈ పంథీకి తాను ప్రత్యేకమైన మనిషినను తలంపు సాధారణముగా ఉండదు. అతనికి పేరు పెట్టినవారు కోథీలే. కావున ఆంగ్లమున 'గే' యను మాట ఇద్దరిని కట్టుచోట, కోథీల మాట ఒకనినే కట్టి రెండవవానిని విడిచివేయును. భాష మారినచో గుంపు గీతలును మారును. బెంగుళూరు కార్యాలయమున పనిచేయు యువకుడు 'గే' అనుకొనును; బస్టాండు దరి టీ అంగడిలో పనిచేయు యువకుడు 'కోథీ' అనుకొనును; ఇద్దరు పలుకు మాటల నడుమ ఉన్నది డబ్బు, చదువు, ఆంగ్లము.

మరల తళికి వత్తము. తెలుగు భాషలో 'నేను నిన్ను ప్రేమిస్తున్నాను' అనునపుడు చెప్పువాడు మగవాడో ఆడుదియో, వినువారు ఎవరో, వ్యాకరణము అడుగదు. హిందీలో 'కర్తా హూఁ', 'కర్తీ హూఁ' అని చెప్పుకొనకతప్పదు. మనకు ఆ నిర్బంధము లేదు. తమిళమున లేదు, కన్నడమున లేదు. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి మాటలాడుకొనునంతవరకు ఈ సీమలోని మూడు భాషలును వారిని ఏమియు ప్రశ్నింపవు. చిక్కు మూడవ మనిషితో వచ్చును. ప్రథమపురుషలో 'వచ్చినాడు', 'వచ్చింది' అని తేల్చి చెప్పవలయును. మహత్తు, అమహత్తు అను ఈ భేదమును చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమున సూత్రీకరించెను. ఏకవచనమున స్త్రీని పశువులతోను రాళ్ళతోను ఒకే క్రియకు కట్టిన మన భాష, బహువచనమునకు వచ్చుసరికి స్త్రీని పురుషుని సరసన 'వచ్చిరి' అని నిలిపినది. ఈ బహువచనముననే మర్యాదయు ఉన్నది, మరుగును ఉన్నది.

తళినుండి నిత్యము హోసూరు పారిశ్రామికవాడలో ఉద్యోగమునకు పోవు యువకుడొకడు ఉన్నాడనుకొనుడు. అతనికి అచట ఒక తోడు ఉన్నాడు. ఆదివారము నాడు తల్లి అడుగును: "నిన్న ఎవరితో పోయింటివి నాయినా?" అతడు చెప్పును: "మా వాళ్ళు వచ్చినారు లేమ్మా, వాళ్ళతో పోయింటి." వాళ్ళు ఎందరు? ఒక్కడే. 'వాడు వచ్చినాడు' అనుట అతనికి అబద్ధము కాదు, తల్లికి అనుమానమును రాదు. అయినను ఆ ఏకవచనము నోట రాదు, వచ్చినచో గొంతులో ఏదో తెలిసిపోవునని భయము. సంతలో కన్నడము పలుకవలసివచ్చినపుడు 'అవరు బందరు' అనును. బస్సులో తోడి ఉద్యోగి తమిళమున అడిగినపుడు 'అవంగ వందాంగ' అనును. మూడు భాషలలోను ఒకే చాటు. ఈ గౌరవబహువచనమును మన వైయాకరణులు పెద్దల మర్యాదకని వివరించిరి. దీనికి ఇంకొక ఉపయోగము కలదని ఏ వ్యాకరణ గ్రంథమునను నేను చదువలేదు. తల్లి తరువాతి ప్రశ్న యేదో పాఠకునికి తెలియును: "మాకు పప్పన్నం ఎప్పుడు పెడతావురా?" ఆ ప్రశ్నకు అతనియొద్ద ఏ వచనమును లేదు.

బంధువాచకముల సంగతి ఇంతకంటె చమత్కారము. మన దక్షిణాది చుట్టరికములో సమవయస్కులందరు రెండు రాసులు: అన్నదమ్ములు అక్కచెల్లెండ్రు ఒక రాశి, బావలు మరదండ్రు వదినెలు మరియొక రాశి. మొదటి రాశివారితో పెండ్లి నిషేధము. రెండవ రాశివారితో పెండ్లికి వీలు. హోసూరు ప్రాంతమున మేనరికము, అక్క కూతురిని చేసుకొనుట నేటికిని వాడుక తప్పలేదు గనుక ఈ మాటలకు ఇచట ఇంకను ప్రాణమున్నది. అట్టి చోట స్నేహితులైన మగపిల్లలు ఒకరినొకరు ఏమని పిలుచుకొందురు? తెలుగున 'బావా', 'మామా', తమిళమున 'మచ్చాన్', బెంగుళూరు వీథులలో 'మచ్చా'. మూడు భాషలవారును మగవాని స్నేహమునకు వియ్యపు వరుసనే అరువు తెచ్చుకొనిరి! 'అన్నా' అన్నచో దూరము, 'బావా' అన్నచో చనువు. ఇందు ఎవ్వరికిని తప్పు తోపదు, తోపకుండుటయే ఇందలి సౌకర్యము. నిజముగా వలచినవాడు 'బావా' యని పిలిచినపుడు వీథియంతయు వినును, వినిన వారిలో ఒక్కనికి మాత్రము అర్థమగును.

స్త్రీల విషయమున ఇంటివారు వేరొక పని చేయుదురు. కూతురు తన చెలికత్తెను ఇంటికి తెచ్చినచో తల్లి వెంటనే వరుస కలుపును: "నీకు అక్కలాంటిదే కదా." ప్రేమతో అన్నమాటయే, కాని ఆ ఒక్క మాటతో ఆమె మొదటి రాశిలోనికి పోవును, ద్వారము మూయబడును. హోసూరు చుట్టుపట్ల కర్మాగారములకు వచ్చి వసతిగృహములలో ఒకే గదిలో కాపురముండు యువతులు ఎందరో కలరు. వారిలో ఏ ఇద్దరి నడుమ ఏమున్నదో ఎవ్వరును అడుగరు. మగవారికి తిట్టు ఉన్నది, ఆడువారికి తిట్టును లేదు. ఇది రక్షణ యనుకొనువారు కలరు. నేను అనుకొనను. పేరు లేనిదానిని పెండ్లి పేరిట తీసికొనిపోవుట మిక్కిలి సులభము; 'నాకు ఇష్టము లేదు' అనుటకు ఆమెకు మాట దొరకును గాని, 'ఎందుకు' అన్నచో దొరకదు.

2025 మే 22న మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పు ఇట్టి సందర్భముననే పుట్టినది. వేలూరు జిల్లాకు సంబంధించిన వ్యాజ్యమది: ఇరువదియైదేండ్ల యువతిని ఇంటివారు నిర్బంధించగా ఆమె తోడు న్యాయస్థానమును ఆశ్రయించెను. న్యాయమూర్తులు జి.ఆర్. స్వామినాథన్, వి. లక్ష్మీనారాయణన్ ఆమెను విడిపించి, కుటుంబమునకు పెండ్లి ఒక్కటే దారి కాదని, ఎన్నుకొన్న కుటుంబమును కుటుంబమే యని తెలిపిరి. అందు భాషను గూర్చిన ముక్క యొకటి కలదు. 'క్వియర్' అను ఆంగ్లపదమునకు నిఘంటువులో 'వింతయైన' అను అర్థమున్నది, తన స్వభావము తనకు సహజమైయుండగా ఆ మనిషిని వింతవాడనుట యెందుకని ధర్మాసనము సందేహపడినది. సందేహము సద్బుద్ధితో పుట్టినదే. కాని తిట్టును పట్టుకొని బిరుదుగా ధరించుట ఆంగ్లదేశములలో ఆ జనులు తామే చేసిన పని. వారి సొమ్మును తీసివేయు అధికారము మనకు లేదు. అంతమాత్రమున తెలుగున అట్టి పని జరుగవలెననియు లేదు. మన తిట్లు బిరుదులుగా పనికివచ్చునట్లు తోపవు. 'తేడా' అందురు, 'పాయింట్ ఫైవ్' అందురు. తమిళ పిల్లలు 'ఒంబదు', అనగా తొమ్మిది అందురు. తళి బడిలో కొంచెము మెత్తగా నడచిన పిల్లవాడు గణితము నేర్వకమునుపే ఈ అంకెలను రెండు భాషలలోను నేర్చును. వానిని మన సినిమాలలో హాస్యనటులు అరువదేండ్లవాడును పసివాడును నవ్వునట్లు పలికిరి. ఆ నవ్వు నేర్పినవారిలో మా పత్రికలవారము లేమనుట కష్టము.

కన్నడ రచయిత వసుధేంద్ర 2013లో ప్రకటించిన 'మోహనస్వామి' కథలు తళినుండి సరిహద్దు దాటినచో, బెంగుళూరు పుస్తకాల అంగళ్ళలో దొరకును. బళ్ళారి జిల్లా సండూరున పుట్టి, తన స్వభావమును దాచక చెప్పుకొన్న ఆయన, ఆ పని ఆంగ్లమున గాక అమ్మతో మాటలాడు భాషలో చేసెను. కన్నడము చదువనేర్చిన తళి యువకుడు అదృష్టవంతుడు. తెలుగు మాత్రమే చదువనేర్చినవాడు వార్తాపత్రిక విప్పి 'సంపర్కులు' అను శీర్షిక చదువుకొనవలయును. ఇందువలన జరుగునదేమనగా, సత్యము చెప్పవలసివచ్చినపుడు వాడు ఆంగ్లమునకు పోవును: 'అయామ్ గే' యనును. తల్లికి ఆ భాష రాదు. దాచవలసివచ్చినపుడు తెలుగునకు వచ్చును. మాతృభాష దాచుటకు మాత్రమే పనికివచ్చినపుడు ఆ భాషకు ఏమి గౌరవము?

ఈ లోపమునకు మారుమూల సీమ కారణము కాదు. దేశమున వివాహహక్కును గూర్చి 2023 అక్టోబరు 17న సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పిన వ్యాజ్యము 'సుప్రియో' పేరిట ప్రసిద్ధము. ఆ వ్యాజ్యమును వేసినది హైదరాబాదున కాపురముండు జంట. 2021 డిసెంబరులో పెద్దల యెదుట వేడుక చేసికొనినవారు. న్యాయస్థానము వివాహహక్కును ఒప్పుకొనలేదు; సహజీవనమునకు చట్టబద్ధత కల్పించు విషయమున ముగ్గురు కాదనిరి, ఇద్దరు ఔననిరి. తెలుగునేలనుండి బయలుదేరిన ఆ వార్తను తెలుగు పత్రికలు మోసిన తీరు 'స్వలింగ సంపర్కుల వివాహము'. అదే 2023లో జూలైన తెలంగాణ ఉన్నత న్యాయస్థానము నిజాము నాటి 1919వ సంవత్సరపు 'యూనక్స్' చట్టమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసినపుడు మాత్రము, ఆ వ్యాజ్యము వేసినవారి కృషివలన, 'ట్రాన్స్‌జెండర్' అను మాట మన పత్రికలలో మర్యాదగా నిలదొక్కుకొన్నది. అనగా అచ్చు భాష మారదనుట అబద్ధము. అడుగువారు గట్టిగా అడిగినచో మారును.

హోసూరు తెలుగువారికి అడుగుట క్రొత్త కాదు. 2006లో తమిళము తప్పనిసరి యను చట్టము వచ్చినది మొదలు, తమ పిల్లలు పదవ తరగతి పరీక్షలో మాతృభాషను వ్రాయు హక్కుకై న్యాయస్థానముల చుట్టు తిరిగినవారు. 2024 జూన్‌లో కృష్ణగిరి లోక్‌సభ సభ్యుడు కె. గోపీనాథ్ ఢిల్లీలో తెలుగున ప్రమాణము చేసినపుడు ఇచట ఎన్ని గుండెలు పొంగెనో నేనెరుగుదును. మాతృభాష యనగా తన అంతరంగమును చెప్పుకొను భాష యని ఈ పోరాటములలో వేదికలపై వినినాము. ఆ న్యాయమే మన పిల్లలలో ఒకనికి, ఒకతెకు కూడ చెల్లవలెను గదా. తమిళ పట్టికవంటి తెలుగు పట్టికను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములును, తెలుగు విశ్వవిద్యాలయమును కూర్చి, తమిళనాటి తెలుగు బడులకును పంపవచ్చును. ఆ పట్టిక కూర్చు సభలో మాట యెవరిదో వారు ముందు కూర్చుండవలెను, పండితులు వెనుక. లేనిచో మరియొక జిగిబిగి సమాసము పుట్టి గ్రంథాలయమున చచ్చును.

అంతవరకు ఆగవలసిన పనియు లేదు. 'గే', 'లెస్బియన్' అను మాటలు రైలువలె, బస్సువలె తెలుగైనవి; వానిని అట్లే వ్రాయవచ్చును. తెలుగుమాట కావలెనన్నచో 'స్వలింగ ప్రేమికులు' ఇప్పటికే వాడుకలో నున్నది; మలయాళమువలె 'స్వలింగానురాగులు' అన్నను వినసొంపుగానే యుండును, నా ఓటు దానికి. తమ్ము తాము ఒక పేరుతో పిలుచుకొనువారిని ఆ పేరుతోనే పిలువవలెను. కోథీని 'గే' యని దిద్దరాదు, 'గే' ను కోథీ యనరాదు. ఇక న్యాయస్థానమునుండి ఇట్టి వార్త ఆంగ్లమున రాత్రి పదిగంటలకు డెస్కునకు వచ్చినపుడు, తొందరలో నున్న ఉపసంపాదకుడు 'సంపర్కులు' కొట్టివేసి 'ప్రేమికులు' వ్రాయుటకు పట్టు కాలము అర నిమిషము; అక్షరములును అన్నియే, శీర్షికలో చోటును చాలును.